మూడో కుదురుబిళ్ల

కొత్తకోరంగి తేలుడుపట్నం ఎత్తుడువారి పంచాయితీ పెద్దల సముఖానికి,

మేడిశెట్టి గోవర్ధన్ అనే నేను, వయసు ఇరవై నాలుగు, చదువు ధ్వనిశాస్త్రంలో డిగ్రీ (రెండో తరగతి, అదీ మాస్టారి దయ), ఉద్యోగం లౌడ్‌స్పీకర్లో పోటువార్తలు (పోటుపాట్ల వేళలూ, పట్నం కబుర్లూ) చదవడం, గాలిమర మీంచి పడి ఛాతీ కింది ఒళ్లు నా మాట వినడం మానేసి అయిదేళ్లు, వినయంగా మనవి చేసుకునేది:

ఇది నా ఒంటి చిట్టా. వెన్ను దెబ్బతిన్నవాళ్లం రోజూ రాయాలని పట్నం నియమం కాబట్టి రాశాను. అంకెల కింద ఉన్నది అప్పటి రాత. 'దిద్దుబాటు' అని ఉన్నది ఈ పూట రాసింది. మొదటిది నవ్వించడానికి రాశాను. రెండోది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

పొన్నాడ నూకరత్నం అక్క మెడలో బిరుదు చిప్ప తిరగబడి, పని ఆగి ఎనిమిది రోజులైంది. రేపు మీరు ఆమెను, మాలాంటివాళ్లని ఎత్తి దించే ఎత్తుడు పని నుంచి శాశ్వతంగా తీసేయబోతున్నారు. నా కాలు విరిగింది ఆమె చేతుల్లో కాదు. ఎలా విరిగిందో కింద ఉంది.

చిట్టా 1

పాత పుస్తకం సముద్రంలో పడిపోయింది. దానికీ ఈత రాదు, నాకూ రాదు. మర్యాదగా విడిపోయాం. కొత్త పుస్తకానికి శ్రీకారం.

చర్మం: ఎర్రమచ్చలు లేవు. మూత్రం: నిర్మలం, దాదాపు కవిత్వం. కాళ్ల అదురు: ఆరుసార్లు. మందు: కుదురుబిళ్ల ఒకటి.

రాబోయే తరాల సౌకర్యార్థం ఒక వివరణ. వెన్ను తెగాక మెదడు చెప్పేది కాళ్లకు అందదు. పెద్దదిక్కు లేని ఆఫీసులో గుమాస్తాల్లా అవి తమకు తోచినప్పుడల్లా తన్నుకుంటాయి. అదే అదురు. కుదురుబిళ్ల వాటిని కుదురుగా కూర్చోబెడుతుంది. బిళ్లలిచ్చేది గోడకున్న మందుల పెట్టె. దానిది ఆవలింత ఆపుకుంటున్న ఆడమనిషి గొంతు. మంగతాయారు అని పేరు పెట్టుకున్నాను. రోజుకొక బిళ్ల మంగతాయారు మారు మాట్లాడకుండా ఇస్తుంది. 'భరించలేను' అంటే రెండోది, మూడోది కూడా ఇస్తుంది గానీ, ముందు దండకం చదువుతుంది: "ఇది అదనపు బిళ్ల. అదనపు బిళ్ల ఎముకను పలచన చేస్తుంది. విరిగితే మీ కాలికి నొప్పి తెలియదు. విన్నారా?" మనం "విన్నాను" అనాలి. అప్పుడే బిళ్ల రాలుతుంది.

నాకింతవరకు ఆ దండకంతో పని పడలేదు. నేను ఉత్తముణ్ణి.

చిట్టా 4

నిలువుచట్రంలో అరగంట. ఎముక మీద బరువు పడకపోతే, ఇక నాతో పనేముందిలే అనుకుని అది కరిగిపోతుందట. అందుకని రోజూ పొద్దున్నే మమ్మల్ని మంచం మీంచి ఎత్తి, చట్రంలో నిలబెట్టి, నడుముకు పట్టీ బిగిస్తారు. నిలబడి నేను పట్నాన్ని పై నుంచి చూస్తాను. పట్నం నన్ను పట్టించుకోదు.

ఎత్తేది నూకరత్నం అక్క. వెనకటికి యంత్రంతో ఎత్తేవారట. తేలుడుపట్నంలో నేలంటే నీళ్ల మీద తేలే చెక్కబల్లలే, నిలకడగా ఉండదు కదా, ఒక పెద్ద అలకి యంత్రమూ మనిషీ కలిసి బోర్లాపడ్డారు. అప్పట్నుంచి మనుషులే. మన ఎత్తుడువారు బల్ల మీద వట్టికాళ్లతో నిలబడి అరికాలితో అలలు లెక్కపెడతారు. ఏడో అల దాటాక బల్ల ఒక్క గుక్క సేపు నిమ్మళిస్తుంది. ఆ గుక్కలో ఎత్తాలి, ఆ గుక్కలోనే దించాలి. అక్క పందొమ్మిదేళ్లుగా ఆ గుక్కలోనే బతుకుతోంది. ఆమె మెడలో తెల్ల ఆల్చిప్ప ఉంటుంది. ఎత్తుడువారికి అదే బిరుదు, అదే లైసెన్సు.

ఆవిడ లెక్క తప్పించడం నా నిత్యవ్రతం.

"అక్కా, నాలుగో అలకి మీ ఆయన గుర్తొచ్చాడా?"

"అయిదు."

"నిన్న చేపల బల్ల దగ్గర మిమ్మల్ని తెగ పొగిడాడు. మా ఆవిడ ఎవర్నైనా ఎత్తి పారేత్తదీ అని."

"ఆరు. నోరు ముయ్యరా సచ్చినోడా, నవ్వొత్తే నువ్వే కింద పడేది. ఏడు."

ఎత్తింది. తప్పలేదు. ఎప్పుడూ తప్పలేదు.

చిట్టా 11

దుర్దినం. వలల సంఘం పెద్ద పేరిచర్ల రామభద్రం గారు పోయారు. ఆ వార్త నేనే చదవాలి. గొంతు బొంగురు చేసుకుని, "పట్నవాసులందరికీ తెలియజేయునది, పెద్దలు, పూజ్యులు..." అనేసరికి ఎడమకాలు లేచింది. మేజాబల్ల కింద డబ్. "శ్రీ రామభద్రం గారు..." డబ్ డబ్. "ఈ ఉదయం..." డబడబ డబ్. మైకు బల్లకే బిగించి ఉంటుంది. పదహారు స్పీకర్లలో పెళ్లి డోలు.

పట్నమంతా నవ్విందట. శవం దగ్గర కూర్చున్న ఆయన భార్య కూడా కొంగు నోట్లో కుక్కుకుందట. దహనానికి వెళ్లే పడవలో నా కాలు గురించే మాట్లాడుకున్నారట.

దిద్దుబాటు: మర్నాడు ఆవిడే కబురు పంపింది, "అబ్బాయిని బాధపడొద్దను, ఆయనకి డోలంటే ఇష్టం" అని. ఆ కబురు నేను చిట్టాలో రాయలేదు. రాస్తే పన్నెండో రోజు చేసిన పనికి సాకు ఉండేది కాదు.

చిట్టా 12

అదురు భరించలేకుండా ఉంది. మంగతాయారుని రెండో బిళ్ల అడిగాను. దండకం చదివింది. విన్నాను అన్నాను. కాళ్లు రోజంతా పెళ్లికూతురిలా తల వంచుకుని కూర్చున్నాయి. వార్తలు నిరాటంకంగా చదివాను. నా జోకుకి నవ్వారట. నా కాళ్లకి కాదు, నాకే నవ్వారట.

దిద్దుబాటు: అదురు భరించలేనిదేమీ కాదు. రోజుకు ఆరుసార్లు, ఒక్కోటీ తుమ్మంత సేపు. నేను భరించలేనిది నవ్వు. పట్నాన్ని నవ్వించేది నేను. నా అనుమతి లేకుండా నా కాళ్లు నవ్వించడం నాకు నచ్చలేదు. విషయం ఇంతే. ఇంతకంటే గొప్ప కారణం కోసం ఎనిమిది రోజులుగా వెతికాను. దొరకలేదు.

చిట్టా 63

మంగతాయారుకి రోజూ ఒకే గొంతుతో 'విన్నాను' అంటే పాపం విసుగొస్తుందని, ఇవాళ ఓడ కూతలా అన్నాను. బిళ్ల రాలింది. నిన్న చేపల వేలంపాటలా అన్నాను. అప్పుడూ రాలింది. రసజ్ఞురాలు.

డాక్టర్ ఎస్తేరు గారు ఎముక పటం తీయించుకోమని కబురు చేశారు. నా ఎముకలు సిగ్గరివి, ఫోటోకి రావని జవాబు పంపాను.

దిద్దుబాటు: మూడు నెలలకొకసారి తీసే ఆ పటంలో పలచబడిన సంగతి పడుతుందని నాకు తెలుసు. పడితే రెండో బిళ్ల ఆపేస్తారనీ తెలుసు. అది జోకు కాదు, తప్పించుకోవడం. రెండోసారి పిలిచినప్పుడు కూడా ఆ జోకే పంపాను. కొత్తది కూడా ఆలోచించలేదు.

చిట్టా 107

రెండో బిళ్ల పాతబడింది. కాళ్లు మళ్లీ సంగీతం మొదలుపెట్టాయి. ఇవాళ్టి నుంచి మూడో కుదురుబిళ్ల. ఇంతకు మించి మంగతాయారు ఇవ్వదు, నేను అడగను. ఇద్దరికీ హద్దులు తెలుసు.

మూడోదానికి 'విన్నాను' డాక్టర్ ఎస్తేరు గారి గొంతులో అన్నాను. ముక్కులోంచి, కళ్లద్దాలు సవరించుకుంటున్నట్టు. అద్భుతంగా కుదిరింది. వినడానికి ఎవరూ లేకపోవడమే లోటు.

చిట్టా 171

ఇవాళ నూకరత్నం అక్క ఎత్తి దించాక వెళ్లలేదు. నా కుడికాలు రెండు చేతుల్లో పట్టుకుని, కూర తూచినట్టు తూచింది.

"ఏంట్రా అబ్బాయ్, కాలు తేలిగ్గా ఉంది?"

"అందం కోసం తగ్గిస్తున్నానక్కా."

"కండ కాదురా. లోపల. బెండులాగుంది. ఏమన్నా మందు మార్చేరా?"

"మార్చలేదక్కా."

"డాక్టరమ్మకి సూపించు. నా సెయ్యి అబద్ధం సెప్పదు."

చూపిస్తానన్నాను. ఆవిడ వెళ్లిపోయాక ఆవిడ గొంతుతో మంగతాయారుకి 'విన్నాను' చెప్పాను. ఇప్పటికి ఇదే నా ఉత్తమ కళాఖండం.

దిద్దుబాటు: మందు మార్చలేదు, నిజమే. మూడింతలు చేశాను. ఆమె అడిగిన ప్రశ్నకు అబద్ధం లేని జవాబు చెప్పి మోసం చేశాను. చదువుకున్నవాళ్లకి ఈ సౌకర్యం ఉంటుంది.

చిట్టా 214

ఇవాళ లౌడ్‌స్పీకర్ పుట్టినరోజు. ప్రత్యేక కార్యక్రమం. కొత్త ప్యాంటు. కొత్త ప్యాంటు తొడుక్కోవడం మాలాంటివాళ్లకి కుస్తీ పోటీ. మంచం మీద కూర్చుని కుడికాలిని చేతుల్తో ఎత్తి ఎడమకాలి మీదికి మడిచి లాగాను. ప్యాంటు బిగుతు. ఇంకొంచెం లాగాను. టిక్ మంది. కుర్చీ చువ్వ అనుకుంటాను.

తర్వాత అక్క వచ్చి ఎత్తింది, నిలబెట్టింది, దించింది. కార్యక్రమం దిగ్విజయం. సాయంత్రం తలపోటు, నుదుటి నిండా చెమట, ముఖం ఎర్రగా. ఎండుచేపల ఇగురు పడలేదు కాబోలు. కాళ్లు మాత్రం మునుల్లా నిశ్చలం.

దిద్దుబాటు: ధ్వనిశాస్త్రం చదివినవాణ్ణి. కళ్లు మూసుకుని కూర్చుంటే ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలను. పరీక్షలో నాకు మార్కులొచ్చిన ఒకే ఒక్క పాఠం అది. ఆ టిక్ కుర్చీది కాదు. కుర్చీ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ చప్పుడు నా ఒళ్లోంచి వచ్చింది, ఎండిన ములక్కాడ విరిచినట్టు. నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ, కార్యక్రమానికి ఆలస్యమవుతుందని, చెప్పకుండా అక్క చేతుల్లోకి వెళ్లాను. విరిగిన కాలుతో ఆమె చేత నిలబెట్టించుకున్నాను.

చిట్టా 215

మోకాలి పైన వాపు. వేడిగా ఉంది. చూసింది అక్కే. ముఖం పాలిపోయింది. నన్ను మళ్లీ మంచం మీద పడుకోబెట్టి పరుగెత్తింది.

డాక్టర్ ఎస్తేరు గారు పటం తీశారు. తొడ ఎముక, మోకాలి దగ్గర విరిగింది. ఆపరేషన్ వద్దు, దిళ్లు కుట్టిన బద్దలతో కట్టి కదలకుండా ఉంచుదామన్నారు. పటాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు.

"ఇంత పలచగా ఉందేంటయ్యా? ఇరవై నాలుగేళ్లా, డెబ్భై నాలుగా?"

"పెద్దరికం ముందే వచ్చేసిందండి."

"విరిగినప్పుడు అదురు పెరగాలి. నొప్పి తెలియని కాలికి మిగిలిన గంట అదొక్కటే. మోగలేదా?"

"మోగలేదండి."

"బిళ్లలేమన్నా ఎక్కువ వేస్తున్నావా?"

"లేదండి. మీరిచ్చిందే."

డాక్టర్ గారు గోడ మీది పెట్టె వైపు చూశారు. ఆ తర్వాత నా వైపు చూశారు. ఇచ్చిన ప్రతి బిళ్లనీ, అన్న ప్రతి 'విన్నాను'నీ పెట్టె దాచుకుంటుంది; ఆ గుట్టు యజమానిది. యజమాని 'తెరువు' అనకుండా డాక్టరైనా సరే, పంచాయితీ అయినా సరే తెరవడానికి లేదు. నేను కిటికీలోంచి సముద్రం చూశాను. బావుంది సముద్రం.

మధ్యాహ్నం పంచాయితీ నుంచి ఇద్దరొచ్చి అక్క మెడలో చిప్పని వెనక్కి తిప్పారు. విరిగిన కాలు సాక్ష్యం చెప్పలేదు కాబట్టి చివరిగా ఎత్తిన చెయ్యే జవాబు చెప్పాలని మన నియమం. తీర్పు వచ్చేదాకా ఉప్పుబల్ల మీద ఉప్పు పోగుచేసే పని. ఆవిడ ఒక్కసారి తన అరచేతులు తిప్పి చూసుకుంది.

దిద్దుబాటు: 'బావుంది సముద్రం' అని రాశాను. నిజానికి ఏమీ కనిపించలేదు. అదనపు బిళ్లలు ఆ రోజే ఆపేశాను. కాళ్లు మళ్లీ అదరడం మొదలైంది. గంట ఇప్పుడు మోగుతోంది.

చిట్టా 219

నూకరత్నం అక్క వచ్చింది. చేతులకి గుడ్డలు చుట్టుకుంది, ఉప్పుకి పగిలాయట. గిన్నెలో పులుసు తెచ్చింది. మంచం పక్కన కింద కూర్చుంది. ఎప్పుడూ కింద కూర్చోదు.

"గోవర్ధనం, నేనొక మాట సెప్తాను, తిట్టుకోకు."

"చెప్పండక్కా."

"కాలు తేలికయ్యిందని నాకు తెలుసు. తెలిసీ డాక్టరమ్మకి నేనే సెప్పలేదు. నువ్వు సెప్తావులే అనుకున్నాను. ఆ రోజు ఏడో అల నాకు సరిగ్గా తగిల్లేదేమోరా. నాలుగు రోజుల్నించి అదే లెక్కెట్టుకుంటన్నాను. ఆరుకే ఎత్తేసేనేమో. సెయ్యి ముసిలిదయిపోయింది. నీ కాలు ఇరక్కొట్టేసేను. నన్ను సెమించు."

నేను గోడ మీది పెట్టె వైపు చూశాను. ఆ తర్వాత, "పర్లేదక్కా, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని, పులుసు చల్లారిపోతుంది తినమని చెప్పి వెళ్లింది. పులుసు తిన్నాను. బావుంది.

దిద్దుబాటు: క్షమించేశాను. చూడండి నా ఉదారత. పందొమ్మిదేళ్లు తప్పని లెక్క ఆరా ఏడా అని ఆమె తన్ను తాను అనుమానించుకుంటుంటే, ఆ అనుమానాన్ని చేతిలో పెట్టి పంపాను. పైగా గిన్నె నాకాను. ఈ పుస్తకంలో ఏ పేజీ అయినా చింపే వీలుంటే ఇదే చింపేవాణ్ణి. అందుకే దీన్ని పెద్ద అక్షరాలతో తిరిగి రాసిచ్చాను, మీకు చదవడానికి ఇబ్బంది లేకుండా.

చిట్టా 223

రేపు పంచాయితీ. పొద్దున్నించి దిద్దుబాట్లు రాశాను. ఇక దిద్దడానికి ఏమీ లేదు. ఈ పుట మొదటిసారే సరిగ్గా రాస్తున్నాను.

చిట్టా 224

పెద్దబల్ల మీద మధ్యాహ్నం పంచాయితీ కూర్చుంది. పట్నంలో సగం మంది వచ్చారు. నన్ను కుర్చీలో తెచ్చి, అల వచ్చినా దొర్లిపోకుండా కుర్చీని బల్లకి తాడుతో కట్టారు. కాలికి దిళ్లబద్దలు. అక్క అవతలి చివర నిలబడింది. చిప్ప వీపు వైపు తిరిగి ఉంది.

పంచాయితీ పెద్ద మేరుగు పోలమ్మ గారు నా పుస్తకం మొత్తం చదివించుకుని విన్నారు. మధ్యలో రెండు చోట్ల జనం నవ్వారు కూడా. అంతా అయ్యాక ఆవిడ పుస్తకం మూసి నా వైపు ప్రేమగా చూశారు. నేను ప్రేమకి సిద్ధపడి రాలేదు.

"ఈడు మంచోడు," అన్నారావిడ. "పట్నాన్ని నవ్వించేవోడు కదా, కతలు కట్టడం ఈడికి ఇద్య. నూకరత్నం మీద అబిమానం కొద్దీ నేరం తన మీదేసుకుని ఎంత బాగా రాసేడో సూడండి."

జనం తలలూపారు. ఎవరో "మా మంచి కుర్రోడండి" అన్నారు. అక్క కూడా తల వంచుకుని, "వద్దురా, నాకోసం అబద్ధాలాడకు" అంది.

అయిదేళ్లు నవ్వించి సంపాదించుకున్న పరువు ఇది: నిజం రాసినా కథే అన్నారు. ఒక్క నిమిషం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మంచివాడుగా మిగిలిపోదామనిపించింది. నేను చెప్పాల్సింది చెప్పాను, వాళ్లు నమ్మలేదు, నాదేం తప్పు? చదువుకున్నవాళ్లకి ఈ సౌకర్యం కూడా ఉంటుంది.

అక్క చేతులకి గుడ్డలు అలాగే ఉన్నాయి.

"పెట్టె తెప్పించండి. తెరవడానికి ఒప్పుకుంటున్నాను" అన్నాను.

పోలమ్మ గారు ముఖం గంభీరంగా పెట్టారు. "తెరిత్తే మజ్జిలో ఆపడం ఉండదు. సివరాకరుదాకా ఇనాలి. తెలుసా?"

"తెలుసండి."

మంగతాయారుని గోడ మీంచి విప్పి తెచ్చి, అందరికీ వినబడేలా నా మైకు ముందే పెట్టారు. "తెరువు" అన్నాను. అది ఆవలింత ఆపుకుంటూ మొదలుపెట్టింది. పన్నెండో రోజుది: "ఇది అదనపు బిళ్ల. అదనపు బిళ్ల ఎముకను పలచన చేస్తుంది. విరిగితే మీ కాలికి నొప్పి తెలియదు. విన్నారా?" తర్వాత నా గొంతు, చిన్నగా, దొంగలా: "విన్నాను."

మళ్లీ దండకం. మళ్లీ విన్నాను.

మొత్తం మూడు వందల పదకొండు.

ఓడ కూత దగ్గర జనం పకపకా నవ్వారు. వేలంపాటకి చేపలవాళ్లు ఈలలేశారు. డాక్టర్ ఎస్తేరు గారి గొంతు వచ్చినప్పుడు ఆవిడ కళ్లద్దాలు సవరించుకోబోయి చెయ్యి దించుకున్నారు, దాంతో ఇంకా నవ్వారు. తర్వాత పోలమ్మ గారి గొంతు కూడా వచ్చింది, కిళ్లీ నములుతూ "ఇన్నాన్లే, ఎల్లెల్లవే!" అని. పెద్దబల్ల ఊగిపోయింది. ఆవిడా నవ్వారు. అయిదేళ్లలో నా కార్యక్రమానికి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదు.

అయితే మంగతాయారు నవ్వదు. ప్రతి నవ్వు చివరా అదే చదువుతుంది. ఎముకను పలచన చేస్తుంది. కాలికి నొప్పి తెలియదు. విన్నారా? వందో, నూట ఇరవయ్యో దాటాక నవ్వులు ఒక్కొక్కటే తెగిపోయాయి. జనం ఇప్పుడు నా గొంతు వినడం మానేసి దాని గొంతు వింటున్నారు. నేను ఒక్కసారీ చేయని పని.

నూట డెబ్భై ఒకటో రోజు వచ్చింది. "ఇన్నాన్రా సచ్చినోడా. ఆరు... ఏడు!" అక్క గొంతే. దమ్ము బిగబట్టి ఎత్తేటప్పుడు వచ్చే ఆ చిన్న మూలుగుతో సహా. ఎంత బాగా చేశానంటే, అక్క ఎవరో పిలిచినట్టు తల ఎత్తింది. ఆ తర్వాత ఆవిడకి అర్థమైంది. మళ్లీ తల దించుకోలేదు. అక్కణ్ణుంచి చివరిదాకా నన్నే చూస్తూ నిలబడింది.

ఆపడానికి లేదు. కళాఖండాలు ఇంకా ఎనభైకి పైనే ఉన్నాయి. చివరివాటిల్లో గొంతులు కూడా లేవు. అన్నం నములుతూ విన్నాను, ఆవలిస్తూ విన్నాను. మూడు వందల పదకొండోది, కొత్త ప్యాంటు రోజు పొద్దుటిది, పాటలా పాడాను. పాట అయిపోయింది. బల్ల కింద నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు నా ఎడమకాలు లేచి కుర్చీ పీటకి డబ్ మని తగిలింది. ఎవరూ నవ్వలేదు.

పోలమ్మ గారు కిళ్లీ ఉమ్మేసి వచ్చి, "నూకరత్నం, సిప్ప తిప్పుకో" అన్నారు. నేను నా శిక్ష కోసం చూశాను. "నీకేం సిచ్చ లేదయ్యా. ఇరిగింది నీ ఎముకే కదా" అని లేచి వెళ్లిపోయారు.

అక్క చిప్ప తిప్పుకుంది. వెళ్తూ నా కుర్చీ పక్కన ఆగింది. ముఖం చూడలేదు. నా కుర్చీ తాడు సడలింది కాబోలు, వంగి బిగించి ముడేసి వెళ్లింది.

చిట్టా 225

పంచాయితీ తీర్పు లౌడ్‌స్పీకర్లో చదవాలి. అది నా ఉద్యోగం. "పట్నవాసులందరికీ తెలియజేయునది, పొన్నాడ నూకరత్నం గారి చేతుల్లో ఏ దోషమూ లేదు. ఎముక మేడిశెట్టి గోవర్ధన్ సొంత చేతులతో, సొంత బిళ్లలతో..." డబ్. డబ్ డబ్. కాలిని చేత్తో పట్టుకుని నొక్కవచ్చు. నొక్కలేదు. చివరిదాకా డోలుతోనే చదివాను. స్పీకర్లు అటువైపు మాట్లాడతాయి గానీ ఇటువైపు వినిపించవు. నవ్వారో లేదో తెలియదు.

మందు: కుదురుబిళ్ల ఒకటి. అదురు: పదకొండుసార్లు.

చిట్టా 229

తీర్పు తర్వాత కూడా నాలుగు రోజులు వేరేవాళ్లే ఎత్తారు. మంచి మనుషులే. మాట్లాడరు.

ఇవాళ తలుపు తీసింది నూకరత్నం అక్క. చేతులకి గుడ్డలు లేవు, పగుళ్లు మాత్రం ఉన్నాయి. దిళ్లబద్దలు తడిమి చూసింది, కట్లు సరిచేసింది. కుర్చీలోకి ఎత్తడానికి నా చంకల కింద చేతులు పెట్టింది. ఆ తర్వాత కదలకుండా ఆగింది.

"ఏరా, ఇయ్యాల కబుర్లేం లేవా?"

"లేవక్కా."

"మా ఆయన మీద కూడా లేవా?"

తల అడ్డంగా ఊపాను. "అక్కా, ఆ రోజు ఏడే. ఆరు కాదు" అన్నాను.

"తెలుసు. గంట సేపు ఇన్నాను కదా." చంకల కింద పట్టు సరిచేసుకుంది. "అలలు నువ్వు లెక్కెట్టు."

"నాకు అరికాళ్లు తెలియవు కదక్కా."

"సేతులున్నాయి కదా. మంచం మీద ఆనించు. తొందరేం లేదు, నేను పట్టుకునే ఉన్నాను."

అరచేతులు మంచం పట్టె మీద ఆనించాను. అయిదేళ్లుగా ఈ బల్ల మీద ఉన్నాను. కింద అలలుంటాయని తెలుసు, అంతే. పట్టె మెల్లగా లేచి దిగింది. ఒకటి అన్నాను. రెండు. మూడు కొంచెం పెద్దది. నాలుగు. వెంటనే చిన్నది, అయిదు అన్నాను.

"అది అల కాదురా. పడవెళ్లింది. మళ్లీ మొదట్నించి."

ఆవిడ చేతులు నా చంకల కిందే ఉన్నాయి. మెడ దగ్గర చిప్ప చల్లగా తగులుతోంది. పడవ రేపిన నీళ్లు సర్దుకునేదాకా ఆగాను. పట్టె లేచింది.

ఒకటి.